అరువు నియమాలతో సూపర్‌హీరో ఆట

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రపోషణ ఆట ఐదో ఎడిషన్‌లో పాత్ర బలాన్ని ఒక అంకెతో చెబుతారు. ఆ అంకెకు పైహద్దు 30. మనిషి పరిమాణంలో ఉన్న పాత్ర ఎత్తగలిగే బరువు, ఆ అంకెను 30తో హెచ్చవేస్తే వచ్చినన్ని పౌండ్లు. అంటే ఆ ఆటలో అందరికంటే బలవంతుడు కూడా 900 పౌండ్లు, మన లెక్కలో 410 కిలోల లోపే ఎత్తుతాడు. 2020లో ఐస్‌లాండ్ బలశాలి హాఫ్థోర్ బ్యోర్న్‌సన్ 501 కిలోల డెడ్‌లిఫ్ట్ చేశాడు. ఇక సూపర్‌మ్యాన్ అయితే 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అట్ట మీదే కారును పైకెత్తి కనిపించాడు.

అది కత్తులూ కోటలూ మంత్రగాళ్లూ ఉన్న లోకం కోసం రాసుకున్న లెక్క. అక్కడ చక్కగానే పనిచేస్తుంది. అయితే ఆ నియమాలను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కొత్త పుస్తకం వేసి అమ్ముకోవచ్చు. సూపర్‌హీరోల ఆట రాయాలనుకునే వాళ్లకు ఇది పెద్ద ఆకర్షణ. సిద్ధంగా ఉన్న నియమాలను తీసుకుని మలచుకోవాలా, మొదటి పేజీ నుంచి సొంతంగా రాసుకోవాలా? ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నవాళ్ల అనుభవం మన ముందు ఉంది. రెండు వైపులా గట్టి కారణాలే కనిపిస్తాయి.

ఈ ఆటల పరిచయం లేనివారి కోసం కాస్త చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు గేమ్ మాస్టర్. విలన్లు, ఊళ్లు, దారిన పోయేవాళ్లు అందరూ ఆ ఒక్కరి బాధ్యత. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఫలితం అటో ఇటో తేలనిచోట పాచిక వేస్తారు. 2000లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ డన్జన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ తెచ్చినప్పుడు, ఆ సంస్థలో ఉన్న ర్యాన్ డాన్సీ చొరవతో ఓపెన్ గేమ్ లైసెన్సు పుట్టింది. కథాలోకాలు, ప్రత్యేక పాత్రల పేర్లు కంపెనీవే. ఇరవై ముఖాల పాచిక మీద నడిచే మూల నియమాలు మాత్రం అందరివీ. ఇతరులు ఎన్ని అనుబంధ పుస్తకాలు వేస్తే తమ ప్రధాన గ్రంథం అంత ఎక్కువ అమ్ముడవుతుందని డాన్సీ లెక్క. అది వ్యాపారపు లెక్కే అయినా, దాని నీడలో వందల కొద్దీ చిన్న ప్రచురణకర్తలు బతికారు.

ముందుగా అరువు తీసుకోవడం వైపు మాట్లాడతాను, ఎందుకంటే దాని మేలు బయటికి అంతగా కనిపించదు. ఆట రాసేవారికి ఇష్టమైన భాగాలు శక్తులు, విలన్లు, నగరాలు. కానీ పుస్తకంలో సగం దాకా పట్టేవి వేరే ఉంటాయి. ఎత్తు నుంచి పడితే ఏమవుతుంది, చీకట్లో కొడితే ఎంత తప్పుతుంది, ఎవరినైనా ఒడిసి పట్టుకుంటే వాళ్లు ఎలా విడిపించుకుంటారు, ఒకేసారి ఆరుగురు కదిలితే ఎవరి వంతు ముందు, గుడ్డితనం, మైకం, పక్షవాతం లాంటి స్థితులు ఎంతసేపు ఉంటాయి. ఇవన్నీ రాయాలి, ఆడి చూడాలి, ఒకదానితో ఒకటి తగవు పడకుండా సరిచేయాలి. తెరిచి పెట్టిన నియమావళి తీసుకుంటే ఇదంతా లక్షలమంది ఆడి అరగదీసిన రూపంలో చేతికొస్తుంది. ఇరవై ముఖాల పాచికలో ఒక్క అంకె కలిపితే గెలుపు అవకాశం 5 శాతం పెరుగుతుందన్న లెక్క ఆటగాళ్ల వేళ్లకు అలవాటైపోయింది. కొత్త ఆట బల్ల మీదికి రావడానికి పెద్ద అడ్డంకి అది చెడ్డది కావడం కాదు. ఇంకో మూడు వందల పేజీలు చదవడానికి ఎవరికీ ఓపిక లేకపోవడం. తెలిసిన నియమాలైతే మొదటి సాయంత్రమే ఆట మొదలవుతుంది. డబ్బు, మనుషులు తక్కువగా ఉన్న రచయితకు ఇది ప్రాణవాయువు.

ఎదుటి వైపు వాదం ఇంతకంటే లోతైనది. నియమాలు ఏ పనికి బహుమతి ఇస్తాయో, ఆటగాళ్లు ఆ పనే చేస్తారు. ఐదో ఎడిషన్ నియమాలు ఒక ప్రత్యేకమైన జీవితాన్ని వర్ణిస్తాయి: అనామకుడిగా బయల్దేరి, ప్రమాదకరమైన చోట్లకు దిగి, శక్తిని కొంచెం కొంచెంగా ఖర్చుపెడుతూ, నిధితో బయటపడి, మెల్లగా ఎదిగే జీవితం. అందులో మంత్రగాడు ఎగిరే మంత్రం నేర్చేది ఐదో లెవెల్‌లో. సూపర్‌హీరో మొదటి పేజీలోనే ఎగురుతాడు. అందులో మంత్రాలు రోజుకిన్ని అని లెక్క. విశ్రాంతి తీసుకుంటేనే తిరిగొస్తాయి. ఎక్స్‌మెన్‌లోని సైక్లాప్స్ కళ్ల నుంచి వచ్చే కిరణం రోజుకు మూడుసార్లే అంటే ఆ పాత్రే చెడిపోతుంది. 2014 నాటి డన్జన్ మాస్టర్స్ గైడ్ ఒక రోజు సాహసంలో ఆరు నుంచి ఎనిమిది వరకూ పోరాటాలుంటాయని అంచనా వేసింది. ఆ అలసట మీదే ఆట సమతూకం నిలబడుతుంది. కామిక్‌లో అలా ఉండదు. ఒక తొలి తాకిడి, ఒక ఓటమి, ఒక ఆఖరి పోరు, వాటి మధ్య మాస్కు తీసేసిన మనిషి బతుకు.

ఇంకో చిన్న నియమం చూడండి. శత్రువును చంపకుండా స్పృహ తప్పించే అవకాశం ఐదో ఎడిషన్‌లో దగ్గరి నుంచి చేతితోనో ఆయుధంతోనో కొట్టిన దెబ్బకే ఉంది. దూరం నుంచి వేసిన బాణానికి గానీ కిరణానికి గానీ లేదు. కత్తుల లోకంలో అది సహజం. కానీ దూరం నుంచి శక్తి కిరణం వేసే సూపర్‌హీరో ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే, అతని చేతిలో ఓడిన ప్రతి దొంగా చచ్చిపోవాలి. మూలంలో ఒక్క వాక్యం అలాగే ఉండిపోయినందుకు హీరో హంతకుడవుతాడు. ఇలాంటి వాక్యాలు నియమావళి నిండా ఉంటాయి. పాత ఆటకు అలవాటుపడ్డ కంటికి అవి కనిపించవు కూడా. అరువులో అసలు ప్రమాదం ఇదే అని నా నమ్మకం.

ఈ ప్రమాదాన్ని నేరుగా ఎదుర్కొన్న పుస్తకం ఒకటుంది: 2002లో గ్రీన్ రోనిన్ సంస్థ వేసిన మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్. రచయిత స్టీవ్ కెన్సన్. అప్పట్లో విజార్డ్స్ సంస్థ రెండు రకాల అనుమతులు ఇచ్చేది. ఇరవై ముఖాల పాచికను సూచించే డి20 అన్న ముద్ర అట్ట మీద వేసుకోవాలంటే పాత్రల తయారీ ఎలాగో పుస్తకంలో వివరించకూడదు. పాఠకుడు అసలు పుస్తకం కొనుక్కోవలసిందే. ముద్ర వద్దనుకుంటే ఓపెన్ గేమ్ లైసెన్సు కింద సంపూర్ణమైన ఆట రాసుకోవచ్చు. కెన్సన్ బృందం రెండో దారిన వెళ్లింది. ముద్ర తెచ్చే అమ్మకాలను వదులుకుని, లోపల తమకు నచ్చినట్టు కూల్చి కట్టుకునే స్వేచ్ఛను ఎంచుకుంది.

కూల్చినవాటిలో మొదటిది హిట్ పాయింట్లు. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక సంఖ్యలోంచి తీసివేస్తూ పోయి సున్నా దగ్గర పడిపోవడం అన్న పద్ధతి ఈ ఆటలో లేదు. దాని బదులు ప్రతి దెబ్బకూ పాత్ర తన దృఢత్వంతో తట్టుకోవడానికి పాచిక వేస్తుంది. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ఎడిషన్ లెక్క తీసుకుంటే, 10 స్థాయి దెబ్బ తగిలినప్పుడు చేరాల్సిన సంఖ్య 15కు 10 కలిపి 25. దృఢత్వం 10 ఉన్నవారు పాచికలో 15 గానీ అంతకు మించి గానీ వేస్తే దెబ్బ తగలనట్టే. 10 నుంచి 14 పడితే ఇకపై తట్టుకునే శక్తి ఒక్క మెట్టు తగ్గుతుంది. 5 నుంచి 9 పడితే కళ్లు తిరుగుతాయి. అంతకంటే తక్కువైతే తూలిపోతారు. సమానుల మధ్య మొదటి దెబ్బకే ఎవరూ కుప్పకూలరు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో మాత్రం ఏమైనా కావచ్చు. గోడలోంచి దూసుకుపోయి, దుమ్ము దులుపుకుని లేచి, మళ్లీ ఎగిరి, చివరికి ఒక్క దెబ్బకు పడిపోయే కామిక్ పోరాటం ఇదే కదా. ఒక్క నియమం మారితే బల్ల దగ్గర మాటలే మారిపోతాయి. నాకింకా ఎంత మిగిలిందన్న లెక్క వెనక్కి పోయి, నేనింకా లేచి నిలబడగలనా అన్న ప్రశ్న ముందుకొస్తుంది.

రెండో మార్పు ఇంకా అందమైనది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఒకే జట్టులో ఎలా ఆడాలన్నది ఈ తరహా ఆటలన్నిటికీ పాత తలనొప్పి. ఒకడు పర్వతాలు కదిలిస్తాడు, ఒకడు మామూలు మనిషి. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ లెవెళ్లను, క్లాసులు అనే పాత్ర రకాలను తీసేసి పవర్ లెవెల్ అనే గిరి గీసింది. పవర్ లెవెల్ 10 ఉన్న ఆటలో గురి తప్పకుండా కొట్టే నేర్పు, దెబ్బ తీవ్రత రెండూ కలిపి 20 దాటకూడదు. బలశాలి 5 నేర్పు, 15 తీవ్రత పెట్టుకుంటాడు: తరచూ తప్పుతాడు, తగిలితే మాత్రం భవనాలు కదులుతాయి. విలుకాడు 15 నేర్పు, 5 తీవ్రత. తప్పించుకోవడం, తట్టుకోవడం మధ్య కూడా ఇదే బేరం. ఇద్దరూ ఒకే పోరాటంలో సమానంగా పనికొస్తారు. బరువుల లెక్క కూడా మారింది. బలం ఒక్క మెట్టు పెరిగితే ఎత్తే బరువు రెట్టింపవుతుంది. సున్నా దగ్గర 50 పౌండ్లు, 10 దగ్గర 25 టన్నులు. మొదట్లో చెప్పిన 900 పౌండ్ల గోడ లాంటిది ఈ ఆటలో లేదు.

ఇక్కడ ఎదుటివాదికి నోరు తెరిచే అవకాశం ఇవ్వాలి. హిట్ పాయింట్లు పోయాయి, లెవెళ్లు పోయాయి, క్లాసులు పోయాయి, బరువుల లెక్క పోయింది. ఇంకేం మిగిలిందని అరువు అంటారు? సొంతంగా రాసుకుని ఉంటే లైసెన్సు షరతులైనా ఉండేవి కావు కదా? ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు: మిగిలింది వెన్నెముక. ఇరవై ముఖాల పాచిక వేసి, నైపుణ్యం కలిపి, ఒక సంఖ్యను అందుకోవడం అనే మూల కదలిక. ఆటగాడు కొత్త పుస్తకం తెరవగానే అయ్యో ఇదేమిటి అనకుండా ముందుకు వెళ్లేలా చేసింది అదే. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ ఆడినవారికి కెన్సన్ నియమాలు సగం తెలిసినట్టే అనిపించాయి. తెలియని సగం సూపర్‌హీరోల వల్ల వచ్చింది కాబట్టి నేర్చుకోవడానికి మనసొప్పింది. పాత అలవాటు ఎంత మిగలాలో, ఎంత పోవాలో కెన్సన్ తేల్చిన తీరును నేను హృదయపూర్వకంగా మెచ్చుకుంటాను.

సొంతంగా రాసుకున్నవాళ్ల ఘనత కూడా తక్కువ కాదు. 1981లో వచ్చిన ఛాంపియన్స్ పాయింట్లతో శక్తుల్ని కొనుక్కునే పద్ధతిని ఈ తరహా ఆటల్లో స్థిరపరచింది. కెన్సన్ కూడా ఆ అప్పు మోస్తున్నవాడే. 1984లో టీఎస్ఆర్ సంస్థ వేసిన మార్వెల్ సూపర్ హీరోస్‌లో కర్మ అనే పాయింట్లున్నాయి. మంచి పనులకు వస్తాయి, ఆపదలో ఖర్చుపెట్టుకోవచ్చు. హీరో ఎవరినైనా చంపితే ఉన్న కర్మ మొత్తం పోతుంది. సూపర్‌హీరో కథల నీతి అంతా ఒక్క నియమంలో ఇమిడిపోయింది. అప్పట్లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ వేస్తున్న సంస్థే ఆ ఆటనూ వేసింది. చేతిలో సొంత నియమావళి ఉన్నా సూపర్‌హీరోలకు వేరేది రాయించింది. ఇది అరువుకు వ్యతిరేకంగా బలమైన సాక్ష్యం.

అయితే అరువు అంటే డి20 ఒక్కటే అనుకోనక్కర్లేదు. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ అపొకలిప్స్ వరల్డ్ రాశారు. ప్రపంచం కూలిపోయాక బతికేవారి ఆట అది. దాని పద్ధతిని వాడుకోమని ఇతర రచయితలకు వాళ్లు దారి తెరిచి ఉంచారు. ఆ పద్ధతి మీద 2016లో మ్యాగ్పీ గేమ్స్ సంస్థ మాస్క్స్ తెచ్చింది. అది టీనేజి సూపర్‌హీరోల ఆట. అందులో బలం, చురుకుదనం లాంటి గుణాలే లేవు. నువ్వు ప్రమాదకారివా, రక్షకుడివా, వింతవా, మామూలు పిల్లవాడివా, అందరికంటే మిన్నవా అని లోకం నిన్నెలా చూస్తోందో అవే అంకెలు. పెద్దవాళ్ల మాటలకు ఆ అంకెలు మారిపోతాయి. దెబ్బ తగిలితే వచ్చేవి కోపం, భయం, అపరాధ భావం, నిరాశ, అభద్రత. ఇక్కడా హిట్ పాయింట్లు లేవని గమనించాలి. ఒకదానికొకటి పోలికే లేని రెండు మూలాల నుంచి బయల్దేరిన రెండు ఆటలు శరీరంలోని రక్తాన్ని లెక్కపెట్టడం మానేసే నిలబడ్డాయి. సూపర్‌హీరో కథలో అసలు పణంగా పెట్టేది ప్రాణం కాదని రెండు ఆటల రచయితలకూ అర్థమైంది.

ఈ వాదాన్ని నేనే కాస్త తగ్గించుకోవాల్సిన ఉదాహరణ ఒకటుంది. కేయోసియం సంస్థ తన రూన్‌క్వెస్ట్ నియమాలను, అంటే 1978 నాటి కంచు యుగపు కత్తి యుద్ధాల లెక్కలను సాగదీసి 1980ల మొదట్లో సూపర్‌వరల్డ్ అనే ఆట చేసింది. పోలిక అంతగా కుదరని అరువే అది. కానీ న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీలో నవలాకారుడు జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, ఆయన రచయిత మిత్రులు ఆ ఆటకు బానిసలయ్యారు. వారి బల్ల మీది పాత్రల నుంచే 1987లో వైల్డ్ కార్డ్స్ కథాసంపుటాల వరస మొదలైంది. 2008లో గ్రీన్ రోనిన్ ఆ లోకాన్ని తిరిగి మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ ఆటగా వేసింది. నియమాలు అతకకపోయినా మంచి ఆటగాళ్లు కూర్చుంటే గొప్ప కథలు పుడతాయని ఒప్పుకోక తప్పదు. అందరి బల్ల చుట్టూ మార్టిన్ లాంటివాళ్లు కూర్చోరు కాబట్టి, నియమాలు తమ వంతు మోయాలనే అంటాను.

ఇక లైసెన్సు సంగతి. 2023 జనవరి మొదటి వారంలో విజార్డ్స్ సంస్థ తయారుచేసిన కొత్త లైసెన్సు ముసాయిదా బయటికి పొక్కింది. పాత ఓపెన్ గేమ్ లైసెన్సుకు ఇక అధికారం ఉండదని, ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటి రాబడి ఉన్నవారు ఆ పైన వచ్చిన మొత్తంలో వాటా చెల్లించాలని అందులో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ లైసెన్సు మీద ఇళ్లు కట్టుకున్నవారి కాళ్ల కింద నేల కదిలింది. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ కూడా ఆ నేల మీదిదే. ఆటగాళ్లు, ప్రచురణకర్తలు ఏకమై ఎదురు తిరిగారు. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమావళిని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. పేరు ప్రస్తావిస్తే చాలు, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం ఇక కుదరదు. పైజో అనే ఆటల ప్రచురణ సంస్థ చొరవతో ఓఆర్‌సీ అనే మరో లైసెన్సు కూడా ఆ ఏడాదే వచ్చింది. దాన్ని వాడితే మీరు కొత్తగా చేర్చిన నియమాలూ ఇతరులకు తెరిచి ఉంచాలి.

ఈ రెంటిలో ఏది మేలు? క్రియేటివ్ కామన్స్ రచయితకు ఎక్కువ స్వేచ్ఛనిస్తుంది, ఓఆర్‌సీ తర్వాతివారికి ఎక్కువ మిగులుస్తుంది. కెన్సన్ ఆట కూడా ఇతరులు తెరిచి ఉంచిన నియమాల మీదే పుట్టింది. తీసుకున్నవారు తిరిగి ఇవ్వడమే ధర్మమని నాకు అనిపిస్తుంది. కానీ మొదటి పుస్తకం వేస్తున్న చిన్న ప్రచురణకర్త మీద ఆ ధర్మాన్ని షరతుగా మోపడానికి మనసొప్పదు.

అసలు లైసెన్సే అక్కర్లేదనేవారూ ఉన్నారు. ఆట పద్ధతికి కాపీరైట్ ఉండదు, దాన్ని వివరించిన మాటలకే ఉంటుంది. అమెరికాలో 1879 నాటి బేకర్ వర్సెస్ సెల్డెన్ తీర్పు నుంచి వస్తున్న సూత్రమిది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో భావానికి కాపీరైట్ లేదు, వ్యక్తీకరణకే ఉందని చెప్పింది. సూత్రం నిజమే. అయితే పద్ధతి ఎక్కడ ముగిసి వ్యక్తీకరణ ఎక్కడ మొదలవుతుందో తేల్చేది కోర్టు. కోర్టు దాకా వెళ్లే స్తోమత ఆట పుస్తకాలు రాసేవారిలో ఎంతమందికి ఉంటుంది? లైసెన్సు కొనిపెట్టేది నిశ్చింత, దానికి విలువ ఉంది. ఈ ఉచిత లైసెన్సులేవీ ఇవ్వనిది ఒకటుంది: మార్వెల్, డీసీ పాత్రలు. వాటి జోలికి పోకుండా సొంత వీరుల్నే సృష్టించుకోవాలి.

సొంత వీరులు అనగానే మన భాషలో రాసేవారి సంగతి కూడా వస్తుంది. విజార్డ్స్ సంస్థ ఐదో ఎడిషన్ మూల నియమావళిని ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లోనూ తెరిచి పెట్టింది. తెలుగులోకి తేవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. హైదరాబాదులో ఉన్నా డాలస్‌లో ఉన్నా ఎవరైనా ఈ రోజే మొదలుపెట్టవచ్చు. కానీ సూపర్‌హీరోల కోసమైతే నేను ఆ నియమావళి వైపు కాక, కెన్సన్ తెరిచి ఉంచిన నియమాల వైపు చూడమంటాను. అందులో కాంప్లికేషన్ అనే ఏర్పాటు ఉంది. పాత్రకున్న బలహీనతో, శత్రుత్వమో, రహస్యమో గేమ్ మాస్టర్ చేతిలో అడ్డు తిరిగినప్పుడల్లా ఆటగాడికి ఒక హీరో పాయింటు వస్తుంది. తర్వాత ప్రాణం మీదికొచ్చిన వేళ దాన్ని ఖర్చుపెట్టి గట్టెక్కవచ్చు. అవసరమైన క్షణంలో అస్త్రం గుర్తురాదన్న పరశురాముడి శాపాన్ని మోసే కర్ణుడు, తన బలం తానే మరచి జాంబవంతుడు గుర్తుచేస్తే గానీ సముద్రం దాటని హనుమంతుడు ఈ ఏర్పాటులో ఏ సవరణా లేకుండా ఇమిడిపోతారు. వాళ్లను ఐదో ఎడిషన్‌లో పెట్టాలంటే హనుమంతుడు మొదటి లెవెల్‌లో ఎలుకలతో పోరాడి, ఎగరడానికి ఐదో లెవెల్ దాకా ఆగాలి.

అందుకే ఈ పని చేయబోయేవారు మూల నియమావళిని చేతిలోకి తీసుకోగానే మూడు చోట్ల గీత పెట్టుకోవాలని కోరుకుంటాను: దెబ్బ తగిలితే ఏం పోతుంది, ఆట ఏ పనికి బహుమతి ఇస్తుంది, బలవంతుడూ బలహీనుడూ పక్కపక్కన నిలబడితే ఏమవుతుంది. ఈ మూడు చోట్లా పాత వాక్యాలు కొట్టేసి కొత్తవి రాయడానికి సిద్ధమైతే మిగతా మూడొందల పేజీలు నిస్సంకోచంగా అరువు తెచ్చుకోవచ్చు. అంత సిద్ధం కానివారు సొంతంగా పాతిక పేజీల చిన్న ఆట రాసినా నేను సంతోషంగా ఆడతాను.